నెక్స్ట్ నొక్కకుండా ఇన్‌స్టలేషన్

మన హాస్టల్‌లో కంప్యూటర్ గది తెరిచి ఉండే సమయమే తక్కువ. అందులో సగం సాఫ్ట్‌వేర్ ఎక్కించడానికే పోతే పదో తరగతి పిల్లలకు కీబోర్డు ఎప్పుడు అందుతుంది? 20 కంప్యూటర్లలో లిబ్రే ఆఫీస్ వేయాలనుకుందాం. అది ఉచితం, ఎన్నింటిలో వేసినా పైసా కట్టనక్కర్లేదు. ఒక్కోదాని ముందు 10 నిమిషాలు కూర్చుని నెక్స్ట్, నెక్స్ట్ అని నొక్కినా మొత్తం 3 గంటల 20 నిమిషాలు. పైగా ఆ ప్రశ్నలన్నీ ఇంగ్లీషులో ఉంటాయి. అర్థం చెప్పేవారు మన ఇళ్లలో లేరు కనుక మనలో చాలామందిమి భయంభయంగానే నొక్కుతాం.

ఆ ప్రశ్నలకు జవాబులన్నీ ముందే ఒక్క వరుసలో రాసి ఇవ్వవచ్చు. విండోస్‌లో ఎంఎస్ఐ రకం ఫైళ్లను ఎక్కించే ప్రోగ్రాం పేరు ఎంఎస్ఐఎగ్జెక్. కమాండ్ ప్రాంప్ట్‌లో ఆ పేరు, తర్వాత స్లాష్ ఐ, ఫైల్ పేరు, చివర స్లాష్ క్యూఎన్ కొడితే (అన్నీ ఇంగ్లీషు అక్షరాల్లోనే సుమా) ఒక్క విండో కూడా తెరుచుకోకుండా పని జరుగుతుంది. క్యూఎన్ బదులు క్యూబి అంటే పని ఎంతవరకు వచ్చిందో చూపే చిన్న పట్టీ కనిపిస్తుంది. కొత్తవారికి మేము క్యూబితోనే మొదలుపెట్టమంటాం.

ఏమీ అడగదు కాబట్టి జాగ్రత్త మనదే. కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరవకపోతే క్యూఎన్ అనుమతి కూడా అడగదు, చడీచప్పుడు లేకుండా విఫలమవుతుంది. అంతకంటే ముఖ్యమైనది నోరీస్టార్ట్ అనే ఆప్షన్. అది రాయకపోతే, అవసరమైనప్పుడు కంప్యూటర్ చెప్పకుండానే ఆగి మళ్లీ మొదలవుతుంది. ఆ సమయంలో మరో విండోలో ఎవరిదైనా ప్రాజెక్టు సేవ్ చేయకుండా ఉంటే అంతా పోయినట్టే.

స్లాష్ ఎల్, నక్షత్రం గుర్తు, వి కలిపి రాసి ఒక ఫైల్ పేరు ఇస్తే జరిగినదంతా అందులో నమోదవుతుంది. వేల పంక్తులుంటాయి, బెదరవద్దు. రిటర్న్ వాల్యూ 3 అనే మాటలు వెతికి, దానికి పైనున్న కొద్ది పంక్తులు చదివితే చాలాసార్లు కారణం దొరుకుతుంది. ఫలితం 0 వస్తే విజయం. 3010 వస్తే కూడా విజయమే, కాకపోతే రీస్టార్ట్ చేయాలి. 1618 అంటే మరో ఇన్‌స్టలేషన్ నడుస్తోంది, కాసేపు ఆగండి. 1603 వస్తే మాత్రం లాగ్ తెరవాల్సిందే.

ఈఎక్స్ఈ ఫైళ్ల దారి వేరు. ఎన్ఎస్ఐఎస్‌తో తయారైన వాటికి స్లాష్ ఎస్ చాలు, ఆ ఎస్ పెద్ద అక్షరమై ఉండాలి. ఇన్నో సెటప్‌తో చేసిన వాటికి వెరీసైలెంట్ అని కొట్టాలి.

వరుస సిద్ధమయ్యాక నోట్‌ప్యాడ్‌లో రాసి, డాట్ బ్యాట్ పేరుతో సేవ్ చేసి, ముందు ఒక్క కంప్యూటర్‌లోనే నడపండి. లిబ్రే ఆఫీస్ తెరిచి, ఒక ఉత్తరం టైపు చేసి చూసి, ఆ తర్వాతే పెన్ డ్రైవ్‌తో మిగతా 19 దగ్గరకు వెళ్లండి. గదికి తాళం వేసే ముందు 20 లాగ్ ఫైళ్లకూ ఆయా కంప్యూటర్ల నంబర్లే పేర్లుగా పెట్టి అదే పెన్ డ్రైవ్‌లో వేసుకోండి.