ఆకుపచ్చ చుక్కను చూసి ఎవరూ జీతం పెంచరు

మైక్రోసాఫ్ట్ టీమ్స్‌లో మన పేరు పక్కన ఆకుపచ్చ చుక్క ఒకటి వెలుగుతుంటుంది. కీబోర్డూ మౌసూ అయిదు నిమిషాలు కదలకపోతే అది పసుపు రంగుకు తిరుగుతుంది. ఇంటి నుంచి పనిచేసే కొత్త ఉద్యోగులను ఈ చుక్క భయపెట్టినంతగా మేనేజరు కూడా భయపెట్టడేమో! కుడిచేత్తో అన్నం తింటూ ఎడమచేత్తో మౌస్ కదిలించేవాళ్లున్నారు. దానంతట అదే మౌస్‌ను కదిలించే జిగ్లర్ అనే పరికరాన్ని ఆన్‌లైన్‌లో కొనుక్కునేవాళ్లూ ఉన్నారు. అమెరికాలో వెల్స్ ఫార్గో బ్యాంకు 2024లో పన్నెండు మందికి పైగా ఉద్యోగులను ఇంటికి పంపింది. కీబోర్డు మీద పని జరుగుతున్నట్టు నటించారన్నది వాళ్ల మీది అభియోగం. కాసేపు ఖాళీగా ఉన్నారంటే మందలించి ఊరుకునే మేనేజరు కూడా, మోసం చేశారంటే ఊరుకోడు.

నిజానికి ఆ చుక్క వైపు రోజంతా చూస్తూ కూర్చునే తీరిక ఏ మేనేజరుకూ ఉండదు. ఆయన బెంగ వేరు. ఆఫీసులో అయితే పక్క సీట్లోని సీనియర్‌కు మీ మొహం చూడగానే అర్థమవుతుంది, ఎక్కడో ఇరుక్కుపోయారని. ఇంట్లో ఇరుక్కుంటే మీరు చెప్పేదాకా ఎవరికీ తెలియదు. ఎంత కష్టపడుతున్నా తెలియదు. ఆన్‌లైన్ కొలువులో పర్యవేక్షణ చాలావరకు ఇక్కడే నడుస్తుంది: మీ పని సంగతి మీ అంతట మీరు చెబుతున్నారా, ఆయన అడిగి రాబట్టుకోవాల్సి వస్తోందా? అడగాల్సి వచ్చిన ప్రతిసారీ ఆయన నిఘా ఒక మెట్టు పెరుగుతుంది.

స్టాండప్‌లో ఏం చెప్పాలి?

ఐటీ కొలువుల్లో రోజూ జరిగే స్టాండప్ మీటింగ్ పదిహేను నిమిషాలకు మించకూడదన్నది స్క్రమ్ పద్ధతి నియమం. టీమ్‌లో ఎనిమిది మంది ఉంటే ఒక్కొక్కరికి రెండు నిమిషాలు కూడా రావు. ఆ కాస్త సమయంలో కొత్తవాళ్లు సాధారణంగా చెప్పేది ఇది:

"సర్, నిన్న లాగిన్ పేజీ మీద వర్క్ చేశాను సర్. ఈరోజు కూడా అదే కంటిన్యూ చేస్తాను సర్."

వరసగా మూడు రోజులు ఇదే వింటే నాలుగో రోజు టీమ్ లీడ్ విడిగా ఫోన్ చేస్తాడు. అనుమానం మొదలైనట్టే. ఇదే పనిని, ఇదే ఆలస్యాన్ని మరోలా చెప్పి చూడండి:

"లాగిన్ పేజీ డిజైన్ అయిపోయింది. ఓటీపీ పరీక్షించడానికి టెస్ట్ సర్వర్ యాక్సెస్ కావాలి. నిన్న మధ్యాహ్నమే అడిగాను, ఇంకా రాలేదు. అది వచ్చేలోపు పాస్‌వర్డ్ మార్చే స్క్రీన్ మొదలుపెడతాను. రేపటికీ రాకపోతే గడువు ఒకరోజు జరుగుతుంది."

రెండోసారి విన్నప్పుడు లీడ్‌కు మీ మీద పడి అడగాల్సిన పని లేదు. యాక్సెస్ ఎవరివ్వాలో వాళ్ల మీద పడతాడు. ఎక్కడిదాకా వచ్చింది, ఎందుకు ఆగింది, ఈలోపు ఏం చేస్తారు, ఆలస్యమైతే ఎంత? ఇవి కాగితం మీద నాలుగు ముక్కలు రాసుకుని మీటింగులో కూర్చోండి. ఇంగ్లిష్ తడబడేవాళ్లకు ఈ అలవాటు మరీ ఉపయోగం. రాసుకున్నది చదివితే తప్పేమీ లేదు, సీనియర్లూ అదే చేస్తారు.

ఇంకో పాత అలవాటు ఉంది. క్లాసులో లెక్చరర్ "అర్థమైందా?" అంటే అర్థమైనా కాకపోయినా అందరం కలిసి "అయింది సార్" అనేవాళ్లం. ఆ కోరస్‌ను వీడియో మీటింగులోకి మోసుకురావద్దు. పని అప్పగించగానే "అంటే నేను చేయాల్సింది ఇదీ, శుక్రవారం సాయంత్రానికి ఇవ్వాలి, అంతేనా?" అని అక్కడే తిరిగి చెప్పండి. మీటింగ్ అయ్యాక అదే సంగతి చాట్‌లో రెండు లైన్లు పెట్టండి. తప్పు అర్థం చేసుకుని ఉంటే ఆ నిమిషంలోనే బయటపడుతుంది, శుక్రవారం దాకా ఆగదు.

ఇరుక్కున్నప్పుడు ఎంతసేపు ఒంటరిగా కుస్తీ పట్టాలి? నా లెక్కలో కొత్తవాళ్లకు ఒక గంట చాలు. ఆ తర్వాత అడగడమే మర్యాద. అడిగే తీరు కూడా ముఖ్యం. పొద్దున పదకొండింటికి "హాయ్ సర్" అని పెట్టి, ఆయన "చెప్పు" అనేదాకా ఎదురుచూసి, ఆయన అన్న సమయానికి మీరు భోజనానికి వెళ్లి... ఇలా ఒక చిన్న ప్రశ్నకు పూట గడిచిపోతుంది. పలకరింపు, సమస్య, మీరు చేసి చూసినవి, తెర మీద కనిపించిన ఎర్రర్ అన్నీ ఒకే సందేశంలో పంపండి. ఆయనకు వీలైనప్పుడు ఒక్క జవాబుతో తేలిపోతుంది.

కెమెరా, మైకు, మిగతా హంగామా

కెమెరా ఆన్‌లో ఉండాలా వద్దా అన్నది అందరూ అడిగే ప్రశ్న. ఇంటర్వ్యూ, మొదటి పరిచయం, మేనేజరుతో ముఖాముఖి, క్లయింట్ ఉన్న మీటింగ్: ఈ నాలుగింటికీ ఆన్‌లో ఉండాల్సిందే. రెండు వందల మంది కూర్చునే టౌన్‌హాల్‌లో మీ మొహం కోసం ఎవరూ వెతకరు. మిగతా వాటికి టీమ్ అలవాటు ఎలా ఉంటే అలా. నెట్ మొరాయిస్తే చాట్‌లో ఒక లైను పెట్టి ఆపేయండి. చెప్పకుండా ఆపేస్తేనే అపార్థాలు.

రోజూ నాలుగైదు వీడియో కాల్స్ అయ్యేసరికి తల బరువెక్కడం మీ ఒక్కరి బలహీనత కాదు. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం ప్రొఫెసర్ జెరెమీ బెయిలెన్సన్ 2021లో దీనికి కారణాలు వివరించారు. అందరి కళ్లూ దగ్గర నుంచి మన మీదే ఉన్నట్టు అనిపించడం, గంటలకొద్దీ మన మొహం మనమే చూసుకుంటూ ఉండటం, కదలకుండా ఒకేచోట కూర్చోవడం, సైగలు అందక మెదడు అదనంగా శ్రమపడటం. రెండోదానికి మందు చాలా సులువు. మీ బొమ్మ మీకు కనిపించకుండా చేసే సెట్టింగ్ జూమ్‌లోనూ టీమ్స్‌లోనూ ఉంది. అవతలివాళ్లకు మీరు కనిపిస్తూనే ఉంటారు.

ల్యాప్‌టాప్ కింద పాత పోటీ పరీక్షల గైడ్లు నాలుగు పెడితే కెమెరా కళ్ల ఎత్తుకు వస్తుంది. లేకపోతే తెర మీద గడ్డమూ సీలింగు ఫ్యానూ తప్ప ఏమీ కనిపించవు. కిటికీ వీపు వెనక ఉంటే మొహం నల్లబడిపోతుంది, ఎదురుగా ఉండేలా కూర్చోండి.

కుక్కర్ విజిల్‌కు, కూరగాయల బండి మైకుకు ఎవరూ ఏమీ అనుకోరు. వాటిని మాటిమాటికీ క్షమాపణలతో గుర్తుచేస్తేనే చిరాకు. టీమ్స్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఎమ్ మీటలు కలిపి నొక్కితే మైకు ఆగుతుంది, మళ్లీ నొక్కితే తెరుచుకుంటుంది. జూమ్‌లో మ్యూట్‌లో ఉండి స్పేస్‌బార్ నొక్కిపట్టుకుంటే, పట్టుకున్నంతసేపే మాట వినిపిస్తుంది. ఈ రెండూ వేళ్లకు అలవాటు చేసుకోండి. స్క్రీన్ షేర్ చేసేటప్పుడు మొత్తం తెర కాకుండా కావాల్సిన విండో ఒక్కటే చూపించండి. పక్క ట్యాబ్‌లో నౌకరీ డాట్ కామ్ తెరిచి ఉంచి తెరంతా చూపిస్తే, ఇక మేనేజరుకు మీరు విడిగా చెప్పుకోవాల్సింది ఏమీ మిగలదు.

సొంతూళ్ల నుంచి పనిచేసేవాళ్లకు ఒక మాట. కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే క్షణంలో వైఫై రౌటర్ ఆగి మళ్లీ మొదలవుతుంది, ఈలోపు మీరు మీటింగులోంచి జారిపోతారు. రౌటర్‌కు విడిగా పెట్టుకునే చిన్న యూపీఎస్ దొరుకుతుంది. లీడ్ నంబరు ఫోన్‌లో ఉంచుకోండి, "కరెంటు పోయింది, పది నిమిషాల్లో వస్తాను" అని ఒక్క మెసేజ్ చాలు.

అమెరికా క్లయింట్ ఉన్నవాళ్లు క్యాలెండర్ కూడా గమనించాలి. అక్కడ మార్చి రెండో ఆదివారం గడియారాన్ని గంట ముందుకు జరుపుతారు, నవంబరు మొదటి ఆదివారం వెనక్కి తెస్తారు. న్యూయార్క్‌లో ఉదయం తొమ్మిదిన్నర మీటింగ్ అంటే వేసవిలో మనకు రాత్రి ఏడు, శీతకాలంలో ఎనిమిది. నవంబరులో గంట ముందే వచ్చి కూర్చుంటే నష్టం లేదు. మార్చిలో ఎనిమిదింటికి వస్తే మీటింగ్ అయిపోయి ఉంటుంది.

కంపెనీకి ఏమేం కనిపిస్తుంది?

ఆఫీసు ల్యాప్‌టాప్‌లో నా సొంతం అనేది ఏమీ లేదని ముందే అనుకోండి. టీమ్స్ మీటింగుకు మీరు ఎప్పుడు వచ్చారో, ఎప్పుడు వెళ్లారో నిర్వాహకుడికి హాజరు నివేదిక అందుతుంది. పక్క సీటు స్నేహితుడితో విడిగా చేసిన చాట్ కూడా కంపెనీ నిల్వలోనే ఉంటుంది, విచారణ వస్తే కంపెనీ ఐటీ విభాగం వెతికి తీయగలదు. మేనేజరు మీద మీరు వేసుకున్న జోకులు సహా.

అయితే నిఘాకూ హద్దులున్నాయి. మీటింగులో ఎవరి ధ్యాస పక్కకు పోయిందో చూపించే సదుపాయాన్ని జూమ్ 2020 ఏప్రిల్‌లో తీసేసింది. ఆఫీసు యాప్‌లను ఏ ఉద్యోగి ఎంత వాడుతున్నారో పేర్లతో సహా చూపించే స్కోరు మీద విమర్శలు వచ్చాక అదే ఏడాది డిసెంబరులో మైక్రోసాఫ్ట్ పేర్లను తొలగించింది. రోజంతా కెమెరా ఆన్‌లో ఉంచనన్నందుకు ఒక అమెరికా కంపెనీ నెదర్లాండ్స్ ఉద్యోగిని తీసేస్తే, 2022లో అక్కడి కోర్టు అది చెల్లదని ఉద్యోగికి సుమారు 75 వేల యూరోలు ఇప్పించింది.

మన దగ్గర పరిస్థితి అంత అనుకూలంగా లేదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, ఉద్యోగ అవసరాల కోసం, కంపెనీని నష్టం నుంచి కాపాడుకోవడం కోసం విడిగా సమ్మతి లేకుండానే ఉద్యోగి డేటా వాడుకునే వెసులుబాటు యాజమాన్యానికి ఇచ్చింది. ఇది ఉద్యోగి వైపు నుంచి చూస్తే లోటేనని నా అభిప్రాయం.

గంటగంటకూ "ఎంతవరకు వచ్చింది?" అని అడిగే మేనేజరు దొరికితే? ముందుగా ఒకటి గుర్తుంచుకోండి, ఆయన్నూ పైనుంచి ఎవరో అలాగే అడుగుతుంటారు. వాదనకు దిగకుండా "రోజూ పన్నెండింటికీ అయిదింటికీ నేనే అప్‌డేట్ పంపిస్తాను, సరిపోతుందా?" అని మీరే ప్రతిపాదించండి. రెండు వారాలు గడువు తప్పకుండా పంపండి. చాలామంది మేనేజర్లు ఈలోపే మెత్తబడతారు. మెత్తబడని రకం కూడా ఉంటారు, వాళ్లతో పడుతూ కూర్చోవడం కంటే ప్రాజెక్టు మారడమే మంచిది. అందరి ముందూ తిడితే అక్కడే బదులివ్వకండి. మీటింగ్ అయ్యాక తేదీ, సమయం, అన్న మాటలు రాసి పెట్టుకుని, విడిగా మాట్లాడాలని మెయిల్ పంపండి.

అమ్మాయిలకు ఇంకో విషయం. పని పేరుతో అర్ధరాత్రి వీడియో కాల్ చేసి అసభ్యంగా మాట్లాడితే అది మేనేజరు చాదస్తం కాదు, నేరుగా 2013 నాటి లైంగిక వేధింపుల నిరోధక చట్టం కిందికి వస్తుంది. పదిమంది, అంతకు మించి ఉద్యోగులున్న ప్రతి సంస్థలో ఫిర్యాదుల అంతర్గత కమిటీ ఉండి తీరాలి. సంఘటన జరిగిన మూడు నెలల్లోపు ఫిర్యాదు ఇవ్వాలి. చాట్‌లను తుడిచేయకండి, అవే సాక్ష్యాలు.

ఆఫర్ లెటర్‌తో పాటు ఐటీ పాలసీ అని ఇరవై పేజీల పత్రం ఒకటి వస్తుంది. చివరి పేజీకి వెళ్లి సంతకం పెట్టేయడం మనకు అలవాటు. ఈసారి చదవండి. స్క్రీన్‌షాట్లు తీస్తారా, కెమెరా గురించి ఏం రాశారు, మీ సొంత ఫోన్‌లో కంపెనీ యాప్ వేసుకోమంటే అది ఏమేం చూడగలదు: ఈ మూడూ అందులో లేకపోతే చేరకముందే హెచ్‌ఆర్‌ను అడగండి. జవాబు నోటిమాటగా కాకుండా మెయిల్‌లో తీసుకోండి.