నీ పుస్తకంలో పేరు లేనివాళ్లు

రాయచూరు

సుజాతా,

మీ క్యాంపు ఊరికి నిన్ను ఆశా కార్యకర్తగా తీసుకున్నారని మీ అమ్మ చెప్పింది. ఎంత సంతోషమో. మళ్లీ కరోనా లాంటిది వస్తే మనసు బాగోలేనివాళ్లను ఎలా చూసుకోవాలని అడిగావు. ఇన్నేళ్లు నర్సుగా చేసిన నాకు తోచింది రాస్తున్నాను.

2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలయ్యేసరికి సింధనూరు వైపు దాళ్వా వరి ఇంకా చేలోనే ఉంది. బస్సులు ఆగిపోయాయి. ముందునుంచే మనసు జబ్బున్నవాళ్లకు అసలు దెబ్బ అక్కడే తగిలింది. ధార్వాడకో బెంగళూరుకో వెళ్లి చీటీ రాయించుకొచ్చేవాళ్లకి మాత్రలు నిండుకున్నాయి. ఆ జబ్బుకిచ్చే లిథియం మాత్రలు ఉన్నట్టుండి మానేస్తే జబ్బు తిరగబెడుతుంది. వాడుతున్నా రక్తపరీక్ష చేయించుకుంటూ ఉండాలి. అందుకే ఇప్పుడే, రోగం రొష్టూ లేనప్పుడే, వాళ్లు ఒప్పుకుంటే ఆ చీటీలు ఫొటో తీసి దాచు. మాత్రలు ఎప్పటికి అయిపోతాయో నీ పుస్తకంలో రాసుకో.

వీళ్ల గురించే ఇంకో మాట. నెదర్లాండ్స్‌లో ఏళ్లుగా గమనిస్తూ వచ్చిన దాదాపు 1,500 మందిని పరిశోధకులు 2020 ఏప్రిల్, మే నెలల్లో మళ్లీ పలకరించారు. దిగులు, ఆందోళన జబ్బులు ముందే ఉన్నవాళ్ల బాధ అందరికన్నా ఎక్కువే, కానీ కరోనాతో అది పెద్దగా పెరగలేదు. పెరిగింది ఏ జబ్బూ లేనివాళ్లకి. ఇది విని ‘వాళ్లకి అలవాటేలే’ అనేవాళ్లుంటారు. ఆ మాట నీ నోట రానివ్వకు. వాళ్లు ముందునుంచే అంత బరువు మోస్తున్నారు. మాత్ర అందని ఇంట్లో ఆ లెక్క పనికిరాదు కూడా.

ఇక నీ పుస్తకంలో పేరు లేనివాళ్లు. నాకు ఎక్కువ బెంగ వీళ్ల గురించే. పనికోసం గుళె (వలస) వెళ్లి, పని పోయి, నడిచి ఊరు చేరినవాడు. కౌలు ఎలా కట్టాలా అని తెల్లార్లూ అరుగు మీద కూర్చునే రైతు. తండ్రి చివరిచూపు దక్కని కూతురు. వీళ్లు దిగులని చెప్పరమ్మా. తలపోటంటారు, గుండెదడంటారు, అన్నం సయించట్లేదంటారు. బీపీ చూసి పంపేస్తాం. 2020 ఒక్క ఏడాదిలో ప్రపంచంలో డిప్రెషన్ 5.3 కోట్ల మందికి, ఆందోళన జబ్బు 7.6 కోట్ల మందికి అదనంగా వచ్చిందని లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన అధ్యయనం అంచనా వేసింది. ఆడవాళ్లలో, చిన్న వయసువాళ్లలో మరీ ఎక్కువ.

ముందు నిద్ర గురించి అడుగు. అనుమానం వస్తే, చచ్చిపోవాలనిపిస్తోందా అని నేరుగానే అడుగు. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు. అవునంటే ఆ మనిషిని ఒంటరిగా వదలకు. ఇంట్లో పురుగుమందు డబ్బా ఎక్కడుందో చూసి, తాళం వేయించి, తాళంచెవి ఇంకొకరి చేతికిప్పించు. మన పల్లెల్లో అన్నిటికన్నా ముందు చెయ్యాల్సిన పని ఇదేనని నా నమ్మకం.

ఇదంతా పెద్ద డాక్టర్ల పని అనుకోకు. 1980లలో బెంగళూరు నిమ్హాన్స్ మానసిక ఆసుపత్రి వాళ్లు మన పక్క బళ్లారి జిల్లాలోనే మామూలు పీహెచ్‌సీ సిబ్బందికి ఈ పని నేర్పి చూపించారు. 1996లో దేశంలో మొదలైన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి అదే నమూనా.

మానసిక సాయం కోసం 14416కి ఏ వేళ ఫోన్ చేసినా పలుకుతారు, తెలుగులోనూ మాట్లాడతారు. తాలూకా ఆసుపత్రిలో మంగళవారం మనోచైతన్య క్లినిక్‌కి మానసిక వైద్యుడు ఏ వేళకు వస్తారో కనుక్కో. ఎవరైనా ఒక్కరే వెళ్లడానికి జంకితే, నువ్వు తోడు వెళ్లు.

మీ పెద్దమ్మ