బండి వచ్చేలోపు

ఏలూరు

చిరంజీవి అమ్మాయికి, పెదనాన్న ఆశీర్వదించి రాయునది.

నీ ఉత్తరం అందింది. బీయస్సీ అయ్యాక 108 అంబులెన్సులో ఈఎంటీగా (ఎమర్జెన్సీ మెడికల్ టెక్నీషియన్‌గా) చేరదామనుకుంటున్నావనీ, ఈలోగా తాడేపల్లిగూడెంలో ఉంటూనే ఫస్ట్ ఎయిడ్ శిక్షణ తీసుకుంటే మంచిదా అనీ అడిగావు. మీ నాన్నకు ఆ ఉద్యోగం నచ్చలేదు. మీ అమ్మకు ఆ శిక్షణ ఒక కాగితం కోసం తగలేసే డబ్బులా కనిపిస్తోంది. ఇద్దరి మాటలోనూ కొంత నిజం లేకపోలేదు. అయినా నా సలహా ఇది: శిక్షణ తప్పకుండా తీసుకో, ఉద్యోగంలో చేరినా చేరకపోయినా దాన్ని పదిమందికి నేర్పు. మన కొల్లేరు వైపు ప్రాణం దక్కేదీ దక్కనిదీ చాలాసార్లు అంబులెన్సు రాకముందే తేలిపోతుంది. ఆ కాస్త సేపూ పక్కనున్నవాళ్ళకు ఏం చేయాలో తెలియకపోతే, ఆ తర్వాత వచ్చే నువ్వు ఎంత నేర్పరివైనా చేయగలిగేది కొంచెమే. ఎందుకంటున్నానో వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదువు.

ముందు లెక్క చూడు. 108 సేవ 2005 ఆగస్టు 15న మొదలైంది. అంతకుముందు దెబ్బతగిలిన మనిషిని ఏ ఆటోలోనో, ట్రాక్టరు తొట్టిలోనో వేసుకుని పరిగెత్తడమే మనకు తెలుసు. ఆ సేవ చేసిన మేలు చిన్నది కాదు. 2020 జూలైలో కొత్త బళ్ళు ప్రారంభించినప్పుడు ప్రభుత్వం పెట్టుకున్న గడువు పట్టణాల్లో 15 నిమిషాలు, పల్లెల్లో 20 నిమిషాలు. ఆ గడువు ఏనాడూ తప్పదనే అనుకుందాం. గుండె ఆగిపోయాక మెదడు దెబ్బతినడం నాలుగు నుంచి ఆరు నిమిషాల్లో మొదలవుతుంది. ఇరవైకీ నాలుగుకీ మధ్య పదహారు నిమిషాలున్నాయి. భీమడోలు దగ్గర హైవే మీదైతే బండి కాస్త ముందే రావచ్చు. మండవల్లి, కైకలూరు వైపు లంక గ్రామాల్లో చెరువు గట్టు మీద పడిపోయినవాడి కోసం పిలిస్తే, ముందు ‘ఫలానావారి చెరువు, ఫలానా తూము పక్కన’ అని ఫోనులో దారి చెప్పాలి, ఆపైన గట్టు బండిని మొయ్యాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద కొల్లేరులోకి దిగినప్పుడు చినఎడ్లగాడి దగ్గర రోడ్డే మునిగిపోయింది. పడవ తప్ప దారిలేని ఊరికి ఏ బండీ ఇరవై నిమిషాల్లో రాలేదు. బళ్ళ సంఖ్య పెంచాల్సిందే. ఎంత పెంచినా ఆ మొదటి నాలుగు నిమిషాలూ ఊరివాళ్ళవే.

మనం 108 తెచ్చుకున్న 2005లోనే డెన్మార్కు వాళ్ళు బడిపిల్లలకు సీపీఆర్, అంటే గుండె ఆగినవాళ్ళకు ఛాతీ నొక్కి ఊపిరి అందించడం, నేర్పడం తప్పనిసరి చేశారు. ఆ మరుసటి ఏడు డ్రైవింగ్ లైసెన్సుకు కూడా ఆ శిక్షణ ఉండాలన్నారు. 2001లో అక్కడ ఆసుపత్రి బయట గుండె ఆగినవాళ్ళలో నూటికి 21 మందికే పక్కనున్నవాళ్ళు ఛాతీ నొక్కే ప్రయత్నం చేసేవారు. 2010 నాటికి అది 45కు చేరింది. అదే కాలంలో, నెల రోజుల తర్వాత బతికున్నవాళ్ళు నూటికి మూడున్నర నుంచి దాదాపు 11కు పెరిగారు. ఆ పెరుగుదల అంతా శిక్షణ పుణ్యమే అనను. ఆసుపత్రుల్లో వైద్యమూ ఆ పదేళ్ళలో మెరుగుపడింది. కానీ ఆసుపత్రి దాకా ప్రాణంతో చేరినవాడికే కదా ఆ వైద్యం పనికొచ్చేది. నూటికి 11 అంటే మిగిలిన 89 మంది పోయినట్టే కదా, అంత శ్రమ దేనికి అని ఎవరైనా అనవచ్చు. మూడింతలైందన్న సంగతి అటుంచు, ఆ 11లో ఒకడు మన ఇంటివాడైతే ఆ ప్రశ్న మన నోట రాదు.

ఇంకో సంగతుంది. నేర్వని చేతులు ఊరికే ఉండవు, తోచింది చేస్తాయి. నీళ్ళలోంచి తీసినవాణ్ణి బోర్లా పడుకోబెట్టి పొట్ట నొక్కడం, పిల్లాడైతే కాళ్ళు పట్టుకుని గిరగిరా తిప్పడం మన వైపు ఇంకా పోలేదు. నీళ్ళు కక్కిస్తే బతుకుతాడని నమ్మకం. అలా బయటికొచ్చేవి ఎక్కువగా పొట్టలోని నీళ్ళు. అవి మళ్ళీ ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదముంది, పైగా ఊపిరి అందించాల్సిన సమయం అందులోనే గడిచిపోతుంది. మునిగినవాడికి ముందు కరువైంది గాలి. అందుకే నోట్లో నోరు పెట్టి ఊపిరి ఊది, ఆపైన ఛాతీ నొక్కాలి. ఫోనుల్లో తిరిగే వీడియోల్లో చాలావరకు ఛాతీ నొక్కడం ఒక్కటే చూపిస్తారు. ఉన్నట్టుండి కూలబడిన పెద్దవాడికి అది సరిపోవచ్చు గానీ, చుట్టూ చెరువులూ కాలవలూ ఉన్న మనకు సగం చదువే. నువ్వు చేరే శిక్షణలో ఊపిరి అందించడం నేర్పుతారో లేదో ముందే కనుక్కో.

ఏలూరు సంగతే తీసుకో. 2020 డిసెంబరు 5 నుంచి కొద్దిరోజుల్లోనే వన్‌టౌన్ వీధుల్లో మొదలై వందల మంది ఫిట్స్‌తో, వాంతులతో పడిపోయారు. ఎయిమ్స్, నీరీ, సీసీఎంబీ వంటి పెద్ద సంస్థలు వచ్చి నీళ్ళూ రక్తమూ కూరగాయలూ పరీక్షించాయి. రక్తంలో సీసం, నికెల్ కనిపించాయన్నారు, పురుగుమందులన్నారు. కారణం వెతకడానికి అంత పెద్దవాళ్ళకు రోజులు పట్టింది. పడిపోయిన మనిషికి చేయాల్సిన సాయానికి మాత్రం ఆ కారణంతో పనిలేదు. చుట్టూ గట్టి వస్తువులు తీసేయాలి, తలకింద మెత్తటిదేదైనా పెట్టాలి, కొట్టుకోవడం తగ్గగానే ఒక పక్కకు తిప్పాలి, నోట్లో ఏమీ పెట్టకూడదు, ఐదు నిమిషాలు దాటితే అది ప్రాణాపాయమని గడియారం చూసుకోవాలి. మనవాళ్ళు చేసేదేమిటి? చేతిలో తాళంచెవుల గుత్తి పెట్టి గుప్పిట బిగిస్తారు, పళ్ళమధ్య చెంచా దూరుస్తారు, స్పృహ రాకముందే నీళ్ళు పోస్తారు. తాళంచెవులు చేసే నష్టం తక్కువే. చెంచా పళ్ళు విరగ్గొడుతుంది, నీళ్ళు ఊపిరిలోకి పోతాయి. శిక్షణలో సగం విలువ ఇలాంటివి మానిపించడంలోనే ఉంది.

రొయ్యల చెరువు దగ్గర ఏం జరుగుతుందో ఊహించు. నీళ్ళకు గాలి అందించే ఏరియేటర్ ఆగిందని ఒకడు చెరువులో దిగుతాడు, తెగిన వైరు తగిలి పడతాడు. గట్టు మీదున్న రెండోవాడు ప్రేమకొద్దీ వెంటనే దూకుతాడు. అలా ఒక ప్రాణం పోయేచోట రెండు పోతాయి. నేర్చినవాడు ముందు మెయిన్ స్విచ్ వైపు పరిగెత్తుతాడు, కరెంటు పూర్తిగా పోయిందని తేల్చుకున్నాకే నీళ్ళలో కాలు పెడతాడు. మనిషిని గట్టుకు చేర్చి, గట్టి నేల మీద వెల్లకిలా పడుకోబెట్టి, ఛాతీ నడుమ అరచేతి మడమ ఆనించి, మోచేతులు వంచకుండా రెండంగుళాల లోతున నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కుతాడు. ముప్పై నొక్కులకు రెండు ఊపిరులు. అలాగే చెరువు గట్టు మీది మకాం గుడిసెలో నేల మీద పడుకునే కాపలావాడికి రాత్రిపూట కట్లపాము కరిస్తే నొప్పి దాదాపు తెలియదు. తెల్లారేసరికి రెప్పలు వాలి, మాట ముద్దవుతుంది. తాడుతో బిగించి కట్టడం, బ్లేడుతో కోయడం, పసరు కోసం ఇంకో ఊరు తీసుకెళ్ళడం అన్నీ చేటే. ఆ కాలో చెయ్యో కదలకుండా ఉంచి, విషం విరుగుడు ఇంజెక్షను ఉన్న ఆసుపత్రికి చేర్చడమే మందు. 2000 నుంచి 2019 వరకు దేశంలో పాముకాటుకు ఏటా సగటున 58 వేల మంది చనిపోయారని 2020లో వెలువడిన ఒక అధ్యయనం అంచనా. ఆ భారం ఎక్కువ మోసిన రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి.

సగం తెలిసినవాడు చెయ్యి పెడితే ఉన్న ప్రాణమూ పోతుందన్నది మీ నాన్న భయం. ఊపిరి, నాడి ఆగిన మనిషి విషయంలో ఆ భయానికి తావులేదు, అంతకన్నా చెడేది ఏమీ మిగల్లేదు కనుక. పక్కటెముక విరిగినా అతుక్కుంటుంది. ఊపిరి ఆడుతున్నవాళ్ళ దగ్గర మాత్రం ఆ భయం సబబే. మెడకు దెబ్బతగిలినవాణ్ణి లాగి కూర్చోబెడితే నష్టమే. అందుకే శిక్షణ కావాలంటున్నాను. రెండో అభ్యంతరం పోలీసు కేసు. 2016 మార్చి 30న సుప్రీంకోర్టు రోడ్డు ప్రమాదాల్లో సాయపడినవాళ్ళను వేధించరాదన్న మార్గదర్శకాలకు చట్టబలం ఇచ్చింది. 2019లో మోటారు వాహనాల చట్టంలో 134ఏ సెక్షను వచ్చింది. మంచి మనసుతో, ప్రతిఫలం ఆశించకుండా సాయం చేసినవాడి మీద సివిల్ కేసూ క్రిమినల్ కేసూ నిలవవు, పేరు చెప్పమని బలవంతం చేయకూడదు. అది రోడ్డు ప్రమాదాలకే కదా, చెరువులో మునిగినవాడి మాటేమిటంటావు. స్పృహలేని మనిషి మేలు కోసం సద్బుద్ధితో చేసిన పనికి భారతీయ న్యాయ సంహిత 30వ సెక్షను రక్షణ ఉంది. చట్టం ఉన్నంత మాత్రాన స్టేషనులో అందరూ మర్యాదగా మాట్లాడతారని చెప్పలేను. కానీ చట్టం తెలిసినవాడి ముందు గొంతు తగ్గుతుంది.

మీ అమ్మ అనే కాగితం మాట నిజమే. కండక్టరు లైసెన్సు కోసం ఫస్ట్ ఎయిడ్ సర్టిఫికెట్ తెచ్చుకుని, తర్వాత దాన్ని మరచిపోయినవాళ్ళు మనకు తెలియనివాళ్ళేం కాదు. 2025 దాకా అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టం 45వ సెక్షను ప్రకారం ప్రతి 150 మంది కార్మికులకు ఒక ఫస్ట్ ఎయిడ్ పెట్టె, దానికి శిక్షణ పొందిన మనిషి ఉండాల్సి వచ్చేది. రొయ్యలు ప్రాసెస్ చేసే ప్లాంటుకు ఆ నియమం వర్తించేది, ఆ రొయ్యలు పెరిగిన చెరువుకు వర్తించేది కాదు. ఉన్నచోట కూడా చాలా పెట్టెల్లో దూది, టించరు మిగిలితే గొప్ప. తప్పు శిక్షణది కాదు, ఒకసారి నేర్చి వదిలేయడంది. సీపీఆర్ పట్టు ఆరునెలలు తిరక్కుండానే సడలుతుందని పరిశోధనలు చెబుతున్నాయి. కాబట్టి ఉపన్యాసం వినిపించి ఫొటో తీసే చోట చేరకు. బొమ్మ మీద చెమటపట్టేదాకా నొక్కించే చోట చేరు, ఏడాదికి రెండుసార్లయినా మళ్ళీ చేసి చూసుకో.

ఊళ్ళే నేర్చేసుకుంటే సర్కారు అంబులెన్సుల సంగతి మరచిపోదా అని తెలివైనవాళ్ళు అడుగుతారు. అలా జరగదు. ఛాతీ ఎంత నొక్కినా చివరికి కావలసింది ఆక్సిజన్, కరెంటు షాకిచ్చే యంత్రం, విరుగుడు మందు, డాక్టరు. ఏం కావాలో తెలిసిన ఊరే బండి ఆలస్యమైతే గట్టిగా నిలదీస్తుంది. నీ ఉద్యోగానికి దీనితో ఉన్న సంబంధం కూడా ఇదే. బండిలో పైలట్ (డ్రైవరు), ఈఎంటీ ఇద్దరే ఉంటారు. పన్నెండు గంటల డ్యూటీలు, వేళకు కుదరని తిండి, స్ట్రెచరు మోసి మోసి పట్టేసే నడుము. కాల్స్‌లో పెద్ద వాటా గర్భిణులది. ఒక్కోసారి కుదుపుల మధ్యే, ఫోనులో డాక్టరు చెబుతుండగా కాన్పు చేయాలి. ఉద్యోగం కాంట్రాక్టుది. నడిపే సంస్థ మారినప్పుడల్లా పాత సర్వీసు, బకాయిల పేచీ. ఎనిమిది గంటల డ్యూటీ కావాలని సిబ్బంది ఆందోళనలు చేస్తూనే ఉన్నారు. వీటన్నిటి మీద, ఇంత ఆలస్యమా అని బంధువులు మీద పడతారు. ఎవరూ ఏమీ చేయని చోటికి నువ్వు ఇరవయ్యో నిమిషాన చేరితే నీకు మిగిలేది ఆ నింద. అప్పటికే ఇద్దరు వంతులవారీగా ఛాతీ నొక్కుతున్న చోటికి చేరితే నీకు మిగిలేది పని. ఈ ఉద్యోగంలో మనిషిని కుంగదీసేది చాకిరీ ఒక్కటే కాదు, చాకిరీ వృథా అయిందన్న దిగులు కూడా. ఊరికి నేర్పడం నీ మనసును నువ్వు కాపాడుకోవడం కూడా.

ఆడపిల్లకు రాత్రి డ్యూటీలేమిటన్న మీ నాన్న మాటను కొట్టిపారేయను. కాన్పు నొప్పులు పడే తల్లి పక్కన ఆడమనిషి ఉంటే ఎంత ధైర్యమో ఆయనా కాదనడు. అయినా ధైర్యం పేరు చెప్పి భద్రతను వదులుకోకు. చేరే ముందు డ్యూటీ ఎన్ని గంటలు, వారపు సెలవు, పీఎఫ్, ప్రమాద బీమా, హెపటైటిస్ బి టీకా ఎవరిస్తారు, రాత్రి డ్యూటీ ముగిశాక ఇంటికి ఎలా చేరుస్తారు అన్నవి రాతపూర్వకంగా అడుగు. 2021లో వచ్చిన అనుబంధ వైద్యవృత్తుల జాతీయ కమిషన్ చట్టం ఎమర్జెన్సీ టెక్నీషియన్లను గుర్తింపున్న వృత్తుల్లో చేర్చింది. నీ చదువు ఆ గుర్తింపుకు పనికొస్తుందో లేదో ఇప్పుడే తెలుసుకో. పదేళ్ళ తర్వాత నీకు మిగిలేది ఆ అర్హతే.

వరసగా చెబుతాను. ముందు శిక్షణ, ఈ వేసవిలోనే. ఈత రాకపోతే అదీ నేర్చుకో. మునుగుతున్నవాడి దగ్గరికి దూకకుండా గడకర్రో తాడో అందించడం అంతకన్నా ముందు నేర్చుకో. తర్వాత మీ అమ్మమ్మగారి ఊళ్ళో చెరువుల కాపలావాళ్ళనూ, ఆశా కార్యకర్తనూ, ఆటోవాళ్ళనూ కూర్చోబెట్టి ఒక ఆదివారం నేర్పు. ప్రతి మకాం గోడ మీదా మెయిన్ ఎక్కడుందో, 108కి దారి ఎలా చెప్పాలో పెద్ద అక్షరాలతో రాయించు. ఆరునెలలకు మళ్ళీ వెళ్ళి ఎవరికెంత గుర్తుందో చూడు. ఇవి చేశాక కూడా ఆ ఉద్యోగం మీద మనసుంటే దరఖాస్తు పెట్టు, మీ నాన్నతో నేను మాట్లాడతాను. శిక్షణ ఇచ్చేచోట బొమ్మ మీద ఎంతసేపు చేయిస్తారో, ఊపిరి అందించడం నేర్పుతారో లేదో కనుక్కుని జాబు రాయి. ఫీజు సంగతి నాకు వదిలెయ్యి.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న