డిస్కు దొరకలేదని చెప్పెడు ప్రాఁత కంప్యూటరు

విద్యార్థులారా! వేసవి సెలవులు ముగిసి జూన్ మాసమున పాఠశాలలు తెఱచినప్పుడు కంప్యూటరు గదిలోఁ దఱచుగాఁ గనఁబడు వింత యొకటి కలదు. ఏప్రిల్ మాసమునఁ జక్కఁగాఁ బనిచేసిన ప్రాఁత యంత్రము మీట నొక్కఁగానే వెలుఁగును. లోపలి పంకా తిరుగును. కాని నల్లని తెరమీఁద "నో బూటబుల్ డివైస్" అనియో, "ఆపరేటింగ్ సిస్టమ్ నాట్ ఫౌండ్" అనియో తెల్లని యక్షరములు నిలిచిపోవును. నన్ను నడిపింపవలసిన డిస్కు నాకు దొరకలేదని దాని యర్థము.

ఈ మాటలను జూచి కొందఱు డిస్కులోని దంతయుఁ బోయినదని నిరాశపడుదురు. మఱికొందఱు తొందరపడి ఆపరేటింగ్ సిస్టమును క్రొత్తగా నెక్కింపఁ బూనుదురు. ఈ రెండవవారివలననే నష్టము హెచ్చు. ఏలయన, అట్లెక్కించునపుడు డిస్కును ఫార్మాటు చేసినచో, అంతవఱకు క్షేమముగా నున్న మార్కుల పట్టికలును, విద్యార్థుల ప్రాజెక్టులును, ఫోటోలును దుడిచిపెట్టుకొని పోవచ్చును. డిస్కు కనఁబడకపోవుట వేఱు. అందలి విషయము నశించుట వేఱు. ఈ భేదమును గ్రహించుటయే యీ పాఠముయొక్క ముఖ్యోద్దేశము.

కంప్యూటరు మేల్కొను విధము

విద్యుత్తు అందఁగానే మొదటఁ బనిచేయునది హార్డ్ డిస్కు కాదు. మదర్‌బోర్డుమీఁది చిన్న చిప్పులో "బయాస్" అను ప్రోగ్రాము నిలిచియుండును. 1981వ సంవత్సరమున ఐ.బి.ఎం. కంపెనీవారు వెలువరించిన పర్సనల్ కంప్యూటరునందును ఇట్టి బయాసే యుండెను. ఇది మెమొరీ, కీబోర్డు మొదలగు భాగములను పరీక్షించి, పిమ్మట నే డిస్కునుండి యారంభింపవలయునో తన పట్టికలోఁ జూచుకొనును. ప్రాఁత పద్ధతిలో, ఆ డిస్కు మొదటి సెక్టారునందలి 512 బైట్లను జదివి, చివరి రెండు బైట్లలో నియమితమైన గుఱుతున్నచో, పనిని దాని కప్పగించును. ఆ చిన్న ప్రోగ్రాము తనకంటెఁ బెద్దదానిని, అది మఱియుఁ బెద్దదానిని బిలుచును. బూటు పట్టీలను బట్టుకొని తన్నుఁ దానే పైకెత్తుకొనుట యను నాంగ్లేయుల నానుడినుండి దీనికి "బూటు" అను పేరు వచ్చెను. ఈ గొలుసులో నే లంకె తెగినను యంత్రము నిలిచిపోవును. కావున తెగిన లంకె యేదో వెదకుటయే మన పని.

మూత విప్పకముందు చేయవలసినవి

మొదట యంత్రమునకు దగిలించియున్న పెన్‌డ్రైవులను, లోపల మఱచిన సీడీలను దీసివేయవలెను. బయాస్ వానినే ముందుగాఁ జదువఁబోయి నిలిచిపోవుట కలదు. తరువాత యంత్రమును మరల నారంభించి, వెంటనే "డిలీట్" మీటనుగాని "ఎఫ్2" మీటనుగాని (తయారుచేసినవారినిబట్టి యిది మాఱును) నొక్కి, బయాస్ సెట్టింగులలోఁ బ్రవేశింపవలెను. అక్కడ డిస్కు పేరు కనఁబడుచున్నదా, లేదా? ఈ యొక్క ప్రశ్నయే మార్గమును రెండుగాఁ జీల్చును. పేరు కనఁబడినచో, డిస్కునకు విద్యుత్తు అందుచున్నది, కేబులు పలుకుచున్నది; దోషము సెట్టింగులలోనో, డిస్కుమీఁది బూటు భాగములోనో యుండును. పేరే లేనిచో కేబులును, విద్యుత్తును, తుదకు డిస్కును శంకింపవలెను.

చిన్న బ్యాటరీ

అదే తెరమీఁద తేదీని జూడుఁడు. అది యనేక సంవత్సరములు వెనుకకుఁ బోయియున్నచో, దోషి దొరకినట్లే. 1984వ సంవత్సరపు పి.సి. ఏ.టి. మొదలుకొని గడియారమును, సెట్టింగులను గాపాడుటకై లోపల బ్యాటరీ నమర్చుట యాచారమైనది. ప్రాఁత డెస్క్‌టాపులలో సాధారణముగా నుండునది సి.ఆర్.2032 అను 3 వోల్టుల నాణెపు బ్యాటరీ. 20 మిల్లీమీటర్ల వ్యాసమును, 3.2 మిల్లీమీటర్ల మందమును ఆ సంఖ్యయే తెలుపుచున్నది. గోడ ప్లగ్గు తగిలియున్నంతకాలము గడియారమునకుఁ గరెంటు ఆధారము. సెలవులలో ప్లగ్గు తీసివేయఁగా ఆ భారమంతయు బ్యాటరీపైఁ బడును. ముసలి బ్యాటరీ యీ రెండు మాసములలో నుడుగును. అప్పుడు సెట్టింగులు ఫ్యాక్టరీలో నుంచినట్లు మాఱిపోవును: బూటు వరుస తాఱుమాఱగును, డిస్కు పద్ధతి ఏ.హెచ్.సి.ఐ. నుండి ఐ.డి.ఇ.కి మాఱవచ్చును, యు.ఇ.ఎఫ్.ఐ. పద్ధతిలో సిద్ధపఱచిన డిస్కును యంత్రము ప్రాఁత పద్ధతిలోఁ జదువఁబోవచ్చును. క్రొత్త బ్యాటరీ వేసి, తేదీని, వరుసను, పద్ధతిని మునుపటివలె నుంచి సేవు చేసినచో, పెక్కు యంత్రములు వెంటనే లేచి పనిచేయును.

పేరు కనఁబడనిచో

యంత్రము నార్పి, ప్లగ్గును గోడనుండి తీసి, పెట్టె లోపలి యినుప భాగమును జేతితోఁ దాఁకి, పిమ్మటనే పని కుపక్రమింపవలెను. పవర్ సప్లై పెట్టెను మాత్ర మెన్నఁడును విప్పరాదు. సాటా డిస్కునకు రెండు తీఁగెలుండును: 7 కొనలుగల సన్నని డేటా కేబులు, 15 కొనలుగల పవర్ కేబులు. ఇవి వదులైనవేమో, ఎలుకలు కొఱికినవేమో చూచి, ఊడఁదీసి గట్టిగా మరల దగిలింపవలెను. అటుపిమ్మట వేఱొక సాకెట్టు, తరువాత వేఱొక మంచి కేబులు, తుదకు డిస్కును మఱియొక కంప్యూటరునకుఁ దగిలించి చూడవలెను. ఒక్కసారి యొక్క మార్పే చేసి, దాని ఫలితమును నోటుపుస్తకమున వ్రాసికొనవలెను. నాలుగు మార్పులు కలిపి చేసినవాఁడు యంత్రము బాగుపడినను కారణము నెఱుఁగఁడు.

చెవియు నొక సాధనమే. నిమిషమునకు 5400గాని 7200గాని చుట్లు తిరుగు డిస్కు, టక్కు టక్కుమని మాటిమాటికి ధ్వనించుచున్నచో, వెంటనే ఆర్పవలెను. మరల మరల వేసి చూచినకొలఁది లోపలి పళ్లెముపై గీఁతలు పడవచ్చును. దానిని విప్పుట, ఫ్రిజ్‌లోఁ బెట్టుట మొదలగు చిట్కాలు పనికిరావు. అందలి విషయము విలువైనదైనచో, డేటా రాఁబట్టు నిపుణుల కప్పగింపవలెను.

కనఁబడిన పిమ్మట

డిస్కు కనఁబడియు బూటు కానిచో, బాగుచేయుటకంటె ముందు, పెన్‌డ్రైవునుండి లినక్సు నడిపిగాని, వేఱొక యంత్రమునకుఁ దగిలించిగాని, ముఖ్యమైన ఫైళ్ల నన్నిటిని మఱియొక డిస్కునకుఁ గాపీ చేయవలెను. బూటు భాగమును మరమ్మతు చేయుట ఆ తరువాతి మాట. ఫార్మాటు చేయుట చిట్టచివరిది.

బాలబాలికలారా! వెలుపలినుండి లోపలికి, చౌకనుండి ఖరీదునకు, మరల సరిదిద్దుకొనఁగల పనినుండి సరిదిద్దరాని పనికి. పరీక్షకుఁ దగిన వరుస యిదియే. మఱియు సెలవులకు ముందే ప్రతి యంత్రముయొక్క బయాస్ సెట్టింగులను నోటుపుస్తకమున వ్రాసి, ఫైళ్లకు రెండవ ప్రతి నుంచినచో, జూన్ మాసమున నల్లని తెరను జూచి యెవ్వరును భయపడ నక్కఱలేదు.

అభ్యాస ప్రశ్నలు

1. బయాస్ పట్టికలో డిస్కు పేరు కనఁబడుటవలన మనకేమి తెలియును?
2. దీర్ఘకాలము ప్లగ్గు తీసియుంచిన ప్రాఁత కంప్యూటరు సెట్టింగులు మాఱుటకుఁ గారణమేమి?
3. ఒక్కసారి యొక్క మార్పే చేయవలెనని యేల చెప్పఁబడినది?