పనిచేసే చోటు నేర్పిన పాఠాలు

సైనిక్‌పురిలో మా ఇరుగుపొరుగంతా చాలావరకు రిటైరైన సైనికాధికారులే. నేను కూడా కొన్నేళ్లు సైన్యంలోని ఈఎంఈ (ఎలక్ట్రానిక్స్ అండ్ మెకానికల్ ఇంజినీర్స్) విభాగంలో పనిచేశాను. తర్వాత కుషాయిగూడలో ఒక ప్రైవేటు ఎలక్ట్రానిక్స్ కంపెనీలో చేరి ప్రొడక్షన్ మేనేజరుగా రిటైరయ్యాను. మాకు దగ్గర్లోనే కాలేజ్ ఆఫ్ డిఫెన్స్ మేనేజ్‌మెంట్ ఉంది. 1970లో మొదలైన ఆ సంస్థలో త్రివిధ దళాల అధికారులు మేనేజ్‌మెంట్ చదువుతారు. నాకు ఆ భాగ్యం కలగలేదు. నా చదువంతా షాప్‌ఫ్లోర్ మీదే సాగింది. దానికి ఫీజు మాత్రం చాలాసార్లు నా కింద పనిచేసినవాళ్లు కట్టారు. ఒక సంస్థ తీరు ఎలా తయారవుతుందో ఆలస్యంగా తెలుసుకున్న ఈ ఆరు మాటలు కొత్తగా ఉద్యోగంలో చేరే మీకు ముందే చెబుతున్నాను.

1. సంస్థకు పుట్టుకతో వచ్చిన బుద్ధి ఒక పట్టాన పోదు.

మాకు కూతవేటు దూరంలోని ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఇసిఐఎల్‌నే చూడండి. 1967 ఏప్రిల్‌లో మొదలైన ఆ సంస్థ వేళ్లు ట్రాంబే అణుశక్తి కేంద్రంలోని ఎలక్ట్రానిక్స్ విభాగంలో ఉన్నాయి. తొలి సారథి ఎ.ఎస్.రావు స్వయంగా శాస్త్రవేత్త. కొనుక్కోవడం కన్నా మనమే చేసుకుందాం అన్న పట్టుదల అక్కడ ఆనాడే నాటుకుంది. టీడీసీ కంప్యూటర్లు, ఈసీ టీవీలు, ఓటింగ్ యంత్రాలు అన్నీ ఆ పట్టుదలలోంచి వచ్చినవే. నేను చేరిన కంపెనీ కథ వేరు. చేతికి ఆర్డరు వచ్చాక షెడ్డు వెతుక్కుని మొదలైంది. 'ముందు ఒప్పుకో, తర్వాత చూసుకుందాం' అన్నదే దాని ప్రాణసూత్రం. సొంత భవనం కట్టుకున్నాక కూడా ఆ సూత్రం మారలేదు. ఒక్క సర్క్యులర్‌తో దాన్ని మార్చేస్తానని చేరిన కొత్తలో అనుకున్నాను, కుదరలేదు. మీరు ఎక్కడ చేరినా, ఆ సంస్థ ఎలా పుట్టింది, తొలి కష్టంలోంచి ఎలా గట్టెక్కింది అని పాతవాళ్లను అడగండి.

2. గోడ మీద రాసినదాన్ని కాదు, ఇరకాటంలో చేసినదాన్ని చూడండి.

ఈ విషయం మీద జీవితమంతా పరిశోధించిన ఎడ్గర్ షైన్ సంస్థ సంస్కృతికి మూడు పొరలున్నాయన్నాడు. కంటికి కనిపించేవి, నోటితో చెప్పుకునేవి, ఎవరూ ప్రశ్నించకుండా నమ్మేవి. నడిపించేది మూడోదే. దీనికి ఉదాహరణ మన దగ్గరే ఉంది. సికింద్రాబాద్‌లో చిన్నగా మొదలై ప్రపంచమంతా విస్తరించిన సత్యం కంప్యూటర్స్ 2008లో కార్పొరేట్ గవర్నెన్స్‌కు గోల్డెన్ పీకాక్ అవార్డు అందుకుంది. అదే ఏడు డిసెంబరులో, ప్రమోటర్ల కుటుంబానికి చెందిన మేటాస్ కంపెనీలను కొనడానికి బోర్డు ఒప్పుకుంది. మదుపరులు భగ్గుమనేసరికి గంటల్లో వెనక్కి తగ్గింది. 2009 జనవరి 7న లేని నగదును ఖాతాల్లో చూపించామని కంపెనీ ఛైర్మన్ రామలింగరాజు లేఖ రాశారు. ఇచ్చిన అవార్డును వెనక్కి తీసుకున్నారు. ఆ బోర్డులో పేరున్న ప్రొఫెసర్లూ నిపుణులూ ఉన్నారు. తెలివికి లోటు లేదు. అడ్డు చెప్పే అలవాటుకే లోటు.

3. చెడు వార్త పైకి చేరడానికి ఎంతసేపు పడుతుందో అదే అసలు కొలత.

ఒకసారి కస్టమరు దగ్గర్నుంచి ఒక లాటు సర్క్యూట్ బోర్డులు తిరిగొచ్చాయి. కారణం డ్రై సోల్డర్, అంటే సరిగా అతకని టంకం. పొద్దుటి మీటింగులో నైట్ షిఫ్ట్ ఇన్‌ఛార్జిని అందరి ముందూ కడిగిపారేశాను. మరుసటి నెల నుంచి రిజెక్షన్ శాతం చకచకా తగ్గింది. నా మాటకు అంత పవర్ ఉందని మురిసిపోయాను. కొన్నాళ్లకు స్టోర్స్ సర్దుతుంటే ఖాళీ అట్టపెట్టెల వెనక పాత దినపత్రికల్లో చుట్టిన కట్టలు బయటపడ్డాయి. విప్పితే అన్నీ రిజెక్టయిన బోర్డులే. ఎర్ర స్టిక్కర్లు గోటితో గీకేసిన జిగురు మరకలు ఇంకా అలాగే ఉన్నాయి. తగ్గింది లెక్క, తప్పు కాదు. టొయోటా కర్మాగారాల్లో లోపం కంటబడితే ఏ కార్మికుడైనా తాడు లాగి పిలవొచ్చు, అవసరమైతే లైన్ ఆగిపోతుంది. అలాంటి తాడు ఎవరైనా కట్టించగలరు. లాగినప్పుడు పరిగెత్తుకొచ్చే పెద్దమనిషి మొహం ఎలా ఉంటుందన్న దాన్నిబట్టే రెండోసారి లాగాలా వద్దా అన్నది తేలుతుంది.

4. మీరిచ్చే ప్రమోషనే అందరూ చదివే సర్క్యులర్.

సూపర్‌వైజర్ పోస్టుకు ఇద్దరు పోటీలో ఉన్నారు. ఒకతను ఎలాగైనా టార్గెట్ కొట్టేవాడు. రెండో అతను కుర్రాళ్లకు పని నేర్పుతూ, మెషిన్ ఆపాల్సి వస్తే ఆపేవాడు. నెలాఖరు ఒత్తిడిలో మొదటివాడినే ఎంచుకున్నాను. ఆ తర్వాత నాణ్యత గురించి నేనెన్ని మాటలు చెప్పినా ఎవరూ చెవికెక్కించుకోలేదు. నా అసలు అభిప్రాయం వాళ్లకు అప్పటికే తెలిసిపోయింది. రెండో అతను ఏడాది తిరక్కుండా మానేశాడు. వెళ్లేముందు నన్ను ఒక్క మాటా అనలేదు. అది నాకింకా బాధగానే ఉంది.

5. అరువు తెచ్చుకున్న ఆచారం నమ్మకం లేని చోట నిలవదు.

సైన్యంలో సైనిక్ సమ్మేళన్ అని ఒకటుంది. కమాండింగ్ ఆఫీసర్ ముందు జవాన్లు లేచి తమ కష్టం చెప్పుకోవచ్చు. కంపెనీలోనూ అలాంటిదే పెట్టాను. మొదటిసారే ఒక కాంట్రాక్టు కార్మికుడు లేచి, పీఎఫ్ చీటీలు రావడం లేదన్నాడు. "రుజువుందా?" అని అడిగాను. రెండో నెల అందరూ వచ్చారు, ఎవరూ నోరు విప్పలేదు. జవాను ధైర్యంగా మాట్లాడేది సమ్మేళన్ ఉందని కాదు. ఆ ఆఫీసరే తనతో కలిసి పరుగెత్తుతాడు, బడాఖానా అనే సామూహిక విందులో తనతో కలిసి తింటాడు. మా దగ్గర కాంట్రాక్టు వాళ్లకు క్యాంటీన్ టైమే వేరు. నేను సమ్మేళన్‌ను తెచ్చాను, దాని వెనకున్న బతుకును తేలేదు.

6. పైవాళ్లు పాడైనా మధ్యవరుస సంస్థను నిలబెట్టగలదు.

సత్యం కుప్పకూలాక కేంద్రం పాత బోర్డును తీసేసి కొత్తవాళ్లను నియమించింది. 2009 ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా ఆ కంపెనీని దక్కించుకుంది. ఆ మధ్యలోని నెలల్లో జీతాల మీద బెంగ ఉన్నా వేలమంది ఇంజినీర్లు కస్టమర్ల పని ఆపలేదు. కంపెనీలో కొనడానికి ఏదైనా మిగిలిందంటే అదే. బోర్డుగదిలో ఒక సంస్కృతి, టీముల్లో మరొకటి ఉండగలవన్నమాట. కాబట్టి "పైవాళ్లు మారితే గానీ ఏమీ మారదు" అనకండి. నేనూ చాలాకాలం అదే అన్నాను, ఆ మాట నాకు హాయిగా ఉండేది. మీ కింద ఒక్క ట్రెయినీ చేరినా అతనికి మీరే కంపెనీ. తన తప్పు తానే వచ్చి చెప్పిన రోజున అతన్ని ముందు కూర్చోబెట్టి, పూర్తిగా విని, ఆ తర్వాతే మందలించండి.