మందులకు డబ్బు చాలనప్పుడు

నాకు 74 ఏళ్లు. సర్కారు ఆస్పత్రుల్లో మందుల కిటికీ వెనకాల 33 ఏళ్లు పనిచేశాను. కాయితాల్లో ఫార్మసిస్టునైనా జనం నోట ఎప్పుడూ కాంపౌండరు గారినే. రిటైరయ్యాక కూడా మా వీధి అరుగు మీదికి చీటీలు పట్టుకుని వచ్చేవాళ్లున్నారు. "ఇవన్నీ కొనాలా బాబూ?" అని అడుగుతారు. వాళ్లకు చెప్పేవే ఇక్కడ రాస్తున్నాను.

1. మా అక్క బిస్కెట్ల డబ్బా

మా పెద్దక్క పల్నాడులో ఒక పల్లెలో ఉండేది. బావ పోయాక ఒంటరిది. బీపీకి రోజుకో బిళ్ల, షుగరుకు రెండు పూటలా బిళ్ల. ఒక ఏడు సంక్రాంతి మర్నాడు పొద్దున్నే ఫోను వచ్చింది, అక్కకు కుడి చెయ్యీ కాలూ పడిపోయాయని. నేను వెళ్లేసరికి ఆస్పత్రిలో చేర్చారు. ఏ మందులు వాడుతోందో డాక్టరు అడిగితే, ఇంటికొచ్చి బీరువాలోంచి ఆమె మందుల డబ్బా తీశాను. పాత బిస్కెట్ల డబ్బా. అడుగున కాయితంలో చుట్టిన బ్లేడు ముక్క. పక్కన బీపీ బిళ్లలు, కొన్ని సగానికి కోసినవి. బిల్లు కూడా అందులోనే ఉంది. తేదీ నవంబరు 20, కొన్నవి 30. ఆ రోజు జనవరి 15. ఇంకా పది బిళ్లలూ నాలుగు సగాలూ మిగిలి ఉన్నాయి. అంటే 56 రోజుల్లో మా అక్క మింగినవి 18 బిళ్లలు.

జీవితమంతా ఊరందరికీ మందులు పంచినవాణ్ణి. తోడబుట్టినది బ్లేడుతో బిళ్లలు కోసుకుంటోందని నాకు తెలియలేదు. ఆమెకు మాట కాస్త తిరిగాక ఒకరోజు మంచం పక్కన కూర్చుని అడిగాను. "నాకో మాట చెబితే పోయేది గదక్కా" అన్నాను. ముద్దముద్దగా ఒక్క ముక్క అంది: "నువ్విస్తావని తెలుసురా. అడగాలి గదా."

నాలుగేళ్లు మంచంలోనే ఉండి పోయింది. ఆ నాలుగేళ్లలో మేం పెట్టిన ఖర్చుతో ఆ బీపీ బిళ్లలు ఆమెకు నూరేళ్లు కొనొచ్చు. డబ్బు చాలక మందు తగ్గించేవాళ్లు ఎవరికీ చెప్పరు. పైకి అంతా మామూలుగానే ఉంటుంది. బీపీకి నొప్పి ఉండదు, షుగరుకు నొప్పి ఉండదు, కాబట్టి ఒక రోజు మానితే ఏమీ కాలేదనిపిస్తుంది. ఆ తర్వాత రెండు రోజులు, ఆ తర్వాత వారం.

2. డాక్టరు ముందు కూర్చున్నప్పుడే చెప్పండి

బయటికొచ్చి మందుల షాపులో బిల్లు చూసి, "సగం ఇవ్వండి" అనేవాళ్లను వేలమందిని చూశాను. ఆ సగంలో ఏవి ఉండాలో షాపు కుర్రాడికి తెలియదు. ఆ మాట అనాల్సింది గది లోపల, డాక్టరుతో. అదీ అంకెతో చెప్పాలి. "ఖరీదెక్కువండీ" అంటే ఆయనకేం అర్థం కాదు. "అయ్యా, నెలకు మందుల కింద ఐదొందలు మించి పెట్టుకోలేను" అంటే ఆయన కలం ఆ అంకెకు తగ్గట్టు నడుస్తుంది.

రెండో ప్రశ్న కూడా అక్కడే అడగాలి: "వీటిలో ఒక్క రోజు కూడా మానకూడనివి ఏవి?" ఓసారి మా ఎరుకలో ఒక కౌలు రైతు, గుండెకు స్టెంట్ వేయించుకున్నవాడు, తొమ్మిది రకాల మందుల చీటీ తెచ్చాడు. వెనక్కి పంపి ఆ ప్రశ్న అడిగించాను. డాక్టరు నాలుగింటికి చుక్క పెట్టి, మిగతావి టానిక్కు, విటమిను, గ్యాసు బిళ్ల వంటివి కొన్నాళ్లు లేకపోయినా పరవాలేదన్నారు. అంతకుముందు నెల అతను ఏం చేశాడో తెలుసా? ఎర్రగా చిక్కగా ఉన్న టానిక్కు సీసా కొని, రక్తం గడ్డకట్టకుండా వేసుకోవాల్సిన క్లోపిడోగ్రెల్ మానేశాడు. స్టెంట్ వేసిన మొదటి ఏడాది ఆ బిళ్ల ఆపితే ప్రాణానికే ముప్పు. అది అతనికి ఎవరూ విడమర్చి చెప్పలేదు.

3. మందుకు రెండు పేర్లు

అట్ట మీద పెద్ద అక్షరాల్లో ఉండేది కంపెనీ పెట్టిన పేరు. దాని కింద చిన్న అక్షరాల్లో ఉండేది మందు అసలు పేరు. టెల్మిసార్టాన్, ఆమ్లోడిపిన్, మెట్‌ఫార్మిన్, అటోర్వాస్టాటిన్ – ఇవి అసలు పేర్లు. అసలు పేరు తెలిస్తే ధర మీ చేతిలోకి వస్తుంది. మందులు అసలు పేరుతో, అర్థమయ్యే అక్షరాల్లో రాయాలని డాక్టర్లకు వాళ్ల మండలి నియమావళిలోనే ఉంది. కాబట్టి అలా రాయమని అడగడం తప్పు కాదు, మొహమాటపడొద్దు.

జనౌషధి దుకాణాల పథకం 2008 నవంబరులో అమృత్‌సర్‌లో మొదటి దుకాణంతో మొదలైంది. ఇప్పుడు దేశమంతటా పది వేలకు పైగా ఉన్నాయి, మన జిల్లా కేంద్రాల్లోనూ చాలా పట్టణాల్లోనూ కనిపిస్తాయి. కంపెనీ పేరున్న మందు ధరలో సగానికి, కొన్నిసార్లు ఐదో వంతుకు దొరుకుతాయి. 'జనౌషధి సుగమ్' అని ఫోను యాప్ ఉంది. దగ్గర్లో దుకాణం ఎక్కడుందో, ఏ మందు ఎంతో అందులో చూడొచ్చు. మనవడికో మనవరాలికో చెబితే రెండు నిమిషాల్లో చూసిపెడతారు. ముందే చూసుకుని వెళ్లండి, ఎందుకంటే అన్ని మందులూ అన్ని దుకాణాల్లో ఉండవు.

మామూలు షాపుల్లో జనరిక్ అడిగేటప్పుడు అట్ట మీద ముద్రించిన ధర చూసి ఆగిపోకండి. అది గరిష్ఠ ధర, అంతకు మించి అమ్మకూడదని మాత్రమే దానర్థం. జనరిక్ బిళ్లల మీద షాపువాళ్లకు మిగిలేది చాలా ఎక్కువ. నెల నెలా ఒకే చోట కొంటే గట్టిగా తగ్గించమని అడగొచ్చు.

ఒక హెచ్చరిక. మూర్ఛ బిళ్లలు, థైరాయిడ్ బిళ్లలు, వార్ఫరిన్, కిడ్నీ మార్పిడి తర్వాత వాడే మందులు – వీటిలో కంపెనీ మార్చాలంటే డాక్టరును అడిగాకే. మోతాదులో ఇసుమంత తేడా వచ్చినా వీటితో ఇబ్బంది.

4. బ్లేడు జోలికి పోవద్దు

డాక్టరు సగం వేసుకోమంటే సరే. ఖర్చు కలిసొస్తుందని మీరే కోయొద్దు. ముఖ్యంగా పేరు చివర ఎస్.ఆర్., ఎక్స్.ఆర్. అని ఉన్నవి రోజంతా మెల్లమెల్లగా కరిగేలా చేసినవి. కోస్తే మందంతా ఒక్కసారే ఒంట్లోకి దిగుతుంది.

5. సర్కారు కిటికీ దగ్గర

నేను కూర్చున్న చోటు గురించి ఉన్నదున్నట్టు చెబుతాను. బీపీ, షుగరు బిళ్లలు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో డబ్బు తీసుకోకుండా ఇస్తారు. హైదరాబాదులో అయితే 2018 నుంచి బస్తీ దవాఖానాలున్నాయి. ముప్పై ఏళ్లు దాటినవాళ్ల బీపీ, షుగరు చూడటం ఏఎన్ఎం, ఆశా కార్యకర్తల పనిలో భాగం. మీ పేరు వాళ్ల పుస్తకంలో ఎక్కితే నెల నెలా మందు ఇచ్చే బాధ్యత వాళ్లకు ఉంటుంది. ముందు పేరు ఎక్కించుకోండి.

"ఆ మందు లేదు, బయట కొనుక్కోండి" అనే మాట నేనూ అన్నాను. అన్న ప్రతిసారీ ఎదుటి మనిషి ముఖం వాడిపోవడం చూశాను. అలా అన్నప్పుడు వెంటనే వెనుదిరగొద్దు. "మళ్లీ ఎప్పుడొస్తుంది? బదులుగా ఇంకో మందు రాయించుకోవచ్చా?" అని అడగండి. పెద్దాస్పత్రుల్లో సూపరింటెండెంటు గారి దగ్గర స్థానికంగా మందులు కొనడానికి కొంత నిధి ఉంటుంది. నలుగురు కలిసి వెళ్లి ఫలానా మందు రెండు నెలలుగా లేదని రాతపూర్వకంగా ఇస్తే కదలిక వస్తుంది. ఒక్కరు నోటితో అడిగితే ఆ పూటకే మరిచిపోతారు.

క్షయ మందులు దేశమంతటా ఉచితం. పైగా రోగి ఖాతాలో పోషణ కోసం నెలకు వెయ్యి రూపాయలు వేస్తారు, 2024 నవంబరు దాకా అది 500 ఉండేది. హెచ్ఐవీ మందులు 2004 నుంచి ఉచితం. హెపటైటిస్ బి, సి మందులకు 2018 నుంచి జాతీయ కార్యక్రమం ఉంది. ఈ జబ్బులకు అప్పు చేసి మందులు కొంటున్నవాళ్లు ఎవరైనా తెలిస్తే, దయచేసి ఈ ముక్క వాళ్లకు చేరవేయండి.

6. ఆరోగ్యశ్రీ కార్డు ఎంతవరకు?

2007లో మొదలైన ఆరోగ్యశ్రీ మన రెండు రాష్ట్రాల్లో ఎన్ని ప్రాణాలు నిలబెట్టిందో కళ్లారా చూశాను. ఆంధ్రలో ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవ అంటున్నారు. అయితే ఆ కార్డు ఆస్పత్రిలో చేరితేనే అక్కరకొస్తుంది. ఇంటి దగ్గర నెల నెలా వాడే బిళ్లలకు అది డబ్బు కట్టదు. 2024 అక్టోబరు చివర్లో 70 ఏళ్లు దాటిన అందరికీ ఇచ్చిన 5 లక్షల ఆయుష్మాన్ కార్డుదీ అదే దారి, ఇంటికి పంపాక 15 రోజుల మందుల వరకే.

చాలామందికి తెలియనిది ఒకటుంది. గుండె, కిడ్నీ వంటి కొన్ని ఆపరేషన్లకు ఆరోగ్యశ్రీలో ఫాలో-అప్ ప్యాకేజీ ఉంది. ఏడాది పాటు పరీక్షలూ మందులూ అందులో వస్తాయి. ఇంటికి పంపే రోజు హడావిడిలో ఎవరూ చెప్పకపోవచ్చు. ఆస్పత్రి గుమ్మంలో కూర్చునే ఆరోగ్యమిత్రను మీరే అడగండి. లేదా 104కు ఫోను చేయండి.

7. పిల్లల జీతం చీటీ చూడండి

చిలకలూరిపేట వైపు నూలు మిల్లులో పనిచేసే ఒక కుర్రాడు తన తల్లి ఆయాసానికి నెలకు రెండు వేలు పెట్టి ఇన్‌హేలర్లు కొనేవాడు. జీతం చీటీ తెమ్మన్నాను. అందులో ఈఎస్ఐ కోత ఉంది. అతని జీతంలో 0.75 శాతం, యజమాని వంతు 3.25 శాతం కలిపి నెల నెలా కడుతూనే ఉన్నారు. కార్డులో తల్లి పేరు మాత్రం లేదు. జీతం 21 వేల లోపు ఉండి ఈఎస్ఐ కట్టేవాళ్ల మీద ఆధారపడిన అమ్మానాన్నలకు కూడా ఈఎస్ఐ డిస్పెన్సరీలో మందులు వస్తాయి, ఆస్పత్రిలో చేరకపోయినా సరే. పేరు ఎక్కించడానికి అతనికి మూడు వారాలు పట్టింది. ఇప్పుడు ఆ రెండు వేలు మిగులుతున్నాయి.

8. లక్షల్లో ఖరీదు చెప్పినప్పుడు

క్యాన్సరు మందు ధర విని నేల మీద కూలబడిన మనుషుల్ని చూశాను. వాళ్లకు నేనొక సంగతి చెబుతాను. కిడ్నీ, కాలేయ క్యాన్సర్లకు వాడే సొరాఫెనిబ్ ఒకప్పుడు నెలకు సుమారు 2 లక్షల 80 వేలు. 2012 మార్చిలో ప్రభుత్వం హైదరాబాదు కంపెనీ నాట్కోకు దాన్ని తయారుచేయడానికి లైసెన్సు ఇచ్చింది. పేటెంటు ఉన్న కంపెనీ ఒప్పుకోకపోయినా ఇచ్చిన అలాంటి లైసెన్సు దేశంలో అదే మొదటిది. నెల ధర తొమ్మిది వేల లోపుకు దిగింది. మొదట చెప్పిన ధర మీద నాకు నమ్మకం పోయింది అప్పుడే.

కాబట్టి డాక్టరును అడగండి: దీనికి జనరిక్ ఉందా? కంపెనీ ఉచిత పథకం ఉందా? రక్త క్యాన్సరుకు వాడే గ్లివెక్ అలాంటి పథకంలోనే మన దేశంలో వేలమందికి ఉచితంగా అందింది. ఇప్పటికీ కొన్ని ఖరీదైన మందులకు, కొన్ని నెలలు కొంటే మిగతావి ఉచితంగా ఇచ్చే ఏర్పాట్లున్నాయి. డాక్టరు సంతకం లేనిదే అవి రావు, రోగికి నేరుగా చెప్పరు కూడా. అరుదైన జన్యు జబ్బులకు 2021 జాతీయ విధానం కింద 50 లక్షల దాకా సాయం ఉంది. దానికి మన వైపు హైదరాబాదు నిమ్స్ ఆస్పత్రికి వెళ్లాలి.

ముఖ్యమంత్రి సహాయ నిధికి ఎమ్మెల్యే ఆఫీసు నుంచి దరఖాస్తు వెళ్తుంది. అసలు బిల్లులు, డిశ్చార్జి కాయితం, రేషన్ కార్డు, ఆధార్ కావాలి. అసలు బిల్లులు ఎవరి చేతికైనా ఇచ్చేముందు జిరాక్సు తీసిపెట్టుకోండి. చెక్కు ఇప్పిస్తానని కమీషను అడిగేవాణ్ణి గుమ్మం ఎక్కనివ్వద్దు.

9. పాత మందును చిన్నచూపు చూడకండి

మెట్‌ఫార్మిన్‌ను షుగరు రోగులకు మొదట ఇచ్చింది 1957లో. ఇప్పటికీ పెద్ద డాక్టర్లు మొదట రాసేది అదే. కీళ్లవాతానికి వారానికి ఒక్కసారి వేసుకునే మెథోట్రెక్సేట్ మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం కృషి ఫలం. ఎంతో చవక, ఎంతో బాగా పనిచేసే మందు (రోజూ వేసుకుంటే మాత్రం ప్రాణాంతకం, వారానికి ఒక్కరోజే). కొత్త మందే కావాల్సి వస్తే, ఏడాదికోసారి ధర మళ్లీ కనుక్కోండి. షుగరుకు, గుండెకు వాడే ఎంపాగ్లిఫ్లోజిన్ బిళ్ల సుమారు అరవై రూపాయలుండేది. 2025 మార్చిలో పేటెంటు ముగియగానే పదీ పదిహేను రూపాయలకే దొరకసాగింది. అది తెలియక ఇంకా పాత ధరకే కొంటున్నవాళ్లు మొన్న కూడా మా అరుగు మీదికి వచ్చారు.

10. అడిగేదాకా చూడకండి

ఇది పిల్లలకు, తమ్ముళ్లకు, చెల్లెళ్లకు. "మందులున్నాయా అమ్మా?" అని ఫోనులో అడిగితే "ఉన్నాయి నాయనా" అనే అంటారు. మా అక్క నాతో పదేళ్లు అలాగే అంది. అబద్ధం కూడా కాదు, నిజంగానే ఉన్నాయి డబ్బాలో. ఈసారి ఇంటికి వెళ్లినప్పుడు ఆ డబ్బా మీరే తెరిచి, బిల్లు మీద తేదీ చూసి, మిగిలిన బిళ్లలు లెక్కపెట్టండి.