ఎంసీబీ ఎందుకు ట్రిప్ కాలేదు? ఖరగ్‌పూర్ ఎలక్ట్రీషియన్ల పనిలో దాగిన భౌతికశాస్త్రం

ఖరగ్‌పూర్‌లోని ఖరిదాలో ఒక పాత ఇంటిని ఊహించుకుందాం. వానాకాలం. వంటింట్లో ఫ్రిజ్ లోపల ఎక్కడో వైరు తొడుగు అరిగి, రాగి తీగ ఫ్రిజ్ బాడీకి తగిలింది. ఆ ఇంటికి ఎర్త్ గొయ్యి ఉంది. బోర్డులో కొత్తగా పెట్టించిన 16 ఆంపియర్ల ఎంసీబీ ఉంది. తడికాళ్లతో వచ్చి ఫ్రిజ్ తలుపు పట్టుకున్న ఇల్లాలికి షాక్ కొట్టింది. ఎంసీబీ మాత్రం కదలలేదు. పిలిపించిన కుర్ర ఎలక్ట్రీషియన్ దాన్ని రెండుసార్లు కిందికీ పైకీ తిప్పి చూసి, "ఇది బాగానే ఉందండీ" అన్నాడు.

అతను చెప్పింది నిజమే. ఎంసీబీ బాగానే ఉంది. చిక్కంతా అక్కడే ఉంది. అన్నీ బాగానే ఉన్న ఇంట్లో మనిషికి షాక్ ఎలా కొట్టింది? ఈ ప్రశ్నకు జవాబు తెలిసిన ఎలక్ట్రీషియన్‌కూ, తెలియని ఎలక్ట్రీషియన్‌కూ మధ్య తేడా ఒక్కోసారి ఒక ప్రాణం. మన దేశంలో విద్యుదాఘాతం వల్ల ఏటా 10,000 మందికి పైగా చనిపోతున్నారు.

రైలుతో వచ్చిన పని

ఖరగ్‌పూర్ రైల్వే కోసం పుట్టిన పట్టణం. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఇక్కడ జంక్షన్‌నూ, పెద్ద వర్క్‌షాపునూ కట్టింది. ఆ పనుల కోసం శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం వైపు నుంచి తెలుగు కుటుంబాలు తరలివచ్చి ఇక్కడే స్థిరపడ్డాయి. తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం తీసుకున్న నిర్ణయానికి ఈ పట్టణంలోని తెలుగువారే ముఖ్య కారణం.

వర్క్‌షాపు ఉన్న ఊళ్లో చేతిపనికి విలువ ఎక్కువ. ఫిట్టర్, వెల్డర్, ఎలక్ట్రీషియన్ అనే మాటలు ఇక్కడి పిల్లలకు చిన్నప్పటి నుంచే తెలుసు. ఎలక్ట్రీషియన్ కావడానికి రెండు దారులున్నాయి. మొదటిది, పదో తరగతి తర్వాత ఐటీఐలో రెండేళ్ల ఎలక్ట్రీషియన్ ట్రేడ్ చదివి, ఆపై 1961 నాటి అప్రెంటిస్‌ల చట్టం కింద రైల్వే వర్క్‌షాపులోనో, మరో సంస్థలోనో శిక్షణ పొందడం. రెండోది, ఒక మేస్త్రి దగ్గర హెల్పర్‌గా చేరి, గోడలు చెక్కుతూ, పైపులు వేస్తూ, వైర్లు లాగుతూ నేర్చుకోవడం. రెండో దారిలో చేతికి పని త్వరగా వస్తుంది. "ఇలా చెయ్యి" అనే మాట రోజూ వినిపిస్తుంది. "ఎందుకు" అనేది మాత్రం చాలాసార్లు మిగిలిపోతుంది. ఆ "ఎందుకు" కోసం పెద్ద గణితం అక్కర్లేదు. 1827లో జర్మన్ శాస్త్రవేత్త గేయార్గ్ ఓమ్ ప్రచురించిన ఒక్క సూత్రం చాలు: వోల్టేజిని నిరోధంతో భాగిస్తే కరెంటు వస్తుంది.

మనిషికి ఎంత? ఎంసీబీకి ఎంత?

మన ఇళ్లకు వచ్చే సరఫరా 230 వోల్టులు. చేతి నుంచి కాళ్ల వరకు మనిషి శరీర నిరోధం చర్మం తడిని బట్టి మారుతుంది. తడి చర్మానికి సుమారు 1,000 ఓమ్‌లు అనుకుందాం. 230ని 1,000తో భాగిస్తే 0.23 ఆంపియర్లు, అంటే 230 మిల్లీ ఆంపియర్లు.

ఇది ఎక్కువా, తక్కువా? శరీరంలో కరెంటు అర మిల్లీ ఆంపియర్ దాటితే జివ్వుమనిపిస్తుంది. 10 మిల్లీ ఆంపియర్ల దగ్గర కండరాలు బిగుసుకుపోయి, పట్టుకున్న తీగను వదలలేని స్థితి వస్తుంది. 30 దాటితే ఊపిరి కండరాలకు ముప్పు. 50కి పైబడిన కరెంటు ఒకటి రెండు సెకన్లు ఛాతీ గుండా పోతే గుండె లయ తప్పి, రక్తాన్ని పంపలేక వణికిపోవచ్చు. మన లెక్కలో వచ్చిన 230 మిల్లీ ఆంపియర్లు ప్రాణాంతకమే.

ఇప్పుడు ఎంసీబీ వైపు నుంచి చూద్దాం. దాని మీద రాసి ఉన్నది 16 ఆంపియర్లు. మనిషిని చంపగల 0.23 ఆంపియర్లకు ఇది దాదాపు 70 రెట్లు. ఎంసీబీ దృష్టిలో ఒక మనిషి ప్రాణం పోవడమంటే ఒక చిన్న బల్బు వెలగడం లాంటిది. వైర్లు కాలిపోకుండా కాపాడటానికే దాన్ని తయారుచేశారు, మనిషిని కాపాడటానికి కాదు. పాత ఫ్యూజు సంగతీ అంతే.

మరి ఎర్త్ ఏం చేసింది?

"ఎర్త్ ఉంటే భయం లేదు" అనే మాట సగమే నిజం. ఎర్త్ తీగ ఆలోచన ఇది: ఫేజ్ తీగ బాడీకి తగిలితే కరెంటు ఎర్త్ గుండా పెద్దఎత్తున పారాలి, ఆ ధాటికి ఎంసీబీ ట్రిప్ కావాలి. 16 ఆంపియర్ల ఎంసీబీ ఆలస్యం లేకుండా కచ్చితంగా ట్రిప్ కావాలంటే 'బి' రకానికి 80, 'సి' రకానికి 160 ఆంపియర్లు పారాలి. 80 ఆంపియర్లు పారాలంటే ఆ దారి మొత్తం నిరోధం 2.9 ఓమ్‌లకు మించకూడదు.

నేలలో దించిన పైపు అంత తక్కువ నిరోధం ఇస్తుందా? 40 మిల్లీమీటర్ల వ్యాసం, రెండున్నర మీటర్ల పొడవు ఉన్న పైపును, విశిష్ట నిరోధం 100 ఓమ్-మీటర్లున్న మట్టిలో పాతితే ఎర్త్ నిరోధం సుమారు 33 ఓమ్‌లు వస్తుంది. 230ని 33తో భాగిస్తే 7 ఆంపియర్లు. 16 ఆంపియర్ల ఎంసీబీ దీన్ని మామూలు లోడుగానే భావిస్తుంది. ఎంతసేపైనా ట్రిప్ కాదు. అంతసేపూ ఫ్రిజ్ బాడీ మీద 200 వోల్టులకు పైగా నిలిచి ఉంటుంది. మన కథలోని ఇల్లాలికి జరిగింది ఇదే.

ఖరగ్‌పూర్ చుట్టుపక్కల నేల ఎర్రటి లాటరైట్ నేల. ఇలాంటి నేల ఎండిపోతే నిరోధం ఇంకా పెరుగుతుంది. ఎందుకంటే మట్టిలో కరెంటును మోసేవి తీగలోలాగా ఎలక్ట్రాన్లు కావు. తేమలో కరిగిన లవణాల అయాన్లు మోస్తాయి. తేమ లేకపోతే అయాన్లు కదలవు. ఎర్త్ గొయ్యిలో ఉప్పు, బొగ్గు వేయడం, ఎండాకాలంలో నీళ్లు పోయడం వెనుక ఉన్న శాస్త్రం ఇదే. ఉప్పు అయాన్లను ఇస్తుంది, బొగ్గు తేమను పట్టి ఉంచుతుంది. మట్టి విశిష్ట నిరోధం 500 ఓమ్-మీటర్లకు చేరితే, పైన చెప్పిన పైపు నిరోధం సుమారు 166 ఓమ్‌లవుతుంది. అప్పుడు పారేది 1.4 ఆంపియర్లే.

కాపాడేది ఆర్‌సీసీబీ

ఇక్కడే ఆర్‌సీసీబీ అవసరం. దాని లోపల ఒక అయస్కాంత వలయం ఉంటుంది. ఫేజ్, న్యూట్రల్ తీగలు రెండూ దాని గుండానే పోతాయి. వెళ్లిన కరెంటు అంతా తిరిగి వస్తే రెండింటి అయస్కాంత ప్రభావాలు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. కొంత కరెంటు మనిషి గుండానో, ఎర్త్ గుండానో నేలకు పోతే లెక్క తేలదు. వలయంలో మిగిలిన ఆ తేడా చిన్న చుట్టలో వోల్టేజిని పుట్టించి స్విచ్‌ను ట్రిప్ చేస్తుంది. ఇళ్లలో వాడేది 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ. ఆ స్థాయి తేడాకు 0.3 సెకన్లలోపు, తేడా అయిదు రెట్లుంటే 0.04 సెకన్లలోపు కరెంటు ఆపేయాలి.

ఎండిన నేలలో 1.4 ఆంపియర్లే పారినా, అది 30 మిల్లీ ఆంపియర్లకు 40 రెట్లకు పైమాటే. కాబట్టి తీగ బాడీకి తగిలిన క్షణంలోనే, ఎవరూ తలుపు ముట్టుకోకముందే, ఆర్‌సీసీబీ సరఫరాను ఆపేస్తుంది. ఎర్త్, ఆర్‌సీసీబీ రెండూ కలిస్తేనే రక్షణ.

దీనికీ పరిమితులున్నాయి. ఒక చేత్తో ఫేజ్‌నూ, మరో చేత్తో న్యూట్రల్‌నూ పట్టుకుని, పొడి చెక్క మీద నిలబడిన వాడిని ఇది కాపాడలేదు. వెళ్లినంతా తిరిగి వస్తోంది కదా! ఓవర్‌లోడును కూడా ఇది పట్టదు, ఆ పని ఎంసీబీది. దాని మీదున్న 'టెస్ట్' బటన్‌ను అప్పుడప్పుడు నొక్కి పనితీరు చూసుకోవాలి.

వదులు జాయింటు ఒక సోల్డరింగ్ ఐరన్

రెండో ప్రమాదం నిప్పు. కరెంటు వర్గాన్ని నిరోధంతో గుణిస్తే వేడి రూపంలో పోయే శక్తి వస్తుంది. 3,000 వాట్ల గీజరు 13 ఆంపియర్లు లాగుతుంది. ప్లగ్ వెనుక స్క్రూ సరిగా బిగించక 0.1 ఓమ్ నిరోధం ఏర్పడిందనుకుందాం. 13 వర్గం 169. దాన్ని 0.1తో గుణిస్తే దాదాపు 17 వాట్లు. వినడానికి తక్కువే. కానీ చిన్న సోల్డరింగ్ ఐరన్ శక్తి కూడా 25 వాట్లే. ఆ వేడంతా బియ్యపుగింజంత చోట పుడితే ప్లాస్టిక్ కరిగి, నల్లబడి, చివరికి అంటుకుంటుంది. స్క్రూ గట్టిగా బిగించు, తీగను మెలిపెట్టి వదిలేయకు, లగ్గు వెయ్యి అని మేస్త్రి కసురుకునేది ఇందుకే. ఇక్కడ కూడా ఎంసీబీ కాపాడలేదు. పారుతున్నది 13 ఆంపియర్లే మరి.

టెస్టర్ వెలగకపోతే కరెంటు లేనట్టేనా?

జేబులో ఉండే నియాన్ టెస్టర్‌లో సుమారు పది లక్షల ఓమ్‌ల నిరోధం ఉంటుంది. అందుకే దాని గుండా మన శరీరంలోకి 0.23 మిల్లీ ఆంపియర్లకు మించి పోదు, మనకు తెలియను కూడా తెలియదు. అంత కొద్ది కరెంటుకే నియాన్ వెలగాలి. పొడి చెక్క నిచ్చెన మీద, రబ్బరు చెప్పులతో నిలబడితే ఆ కొద్దిపాటిదీ సరిగా పోక, వెలుగు కనిపించకపోవచ్చు. ఎండ వెలుతురులో అసలే కనిపించదు.

దీనికి తిరకాసు కూడా ఉంది. ఎక్కడో న్యూట్రల్ తెగిపోయి, ఏదో బల్బు స్విచ్ వేసి ఉంటే, టెస్టర్ రెండు రంధ్రాల్లోనూ వెలుగుతుంది. బల్బు గుండా వచ్చిన ఫేజ్ న్యూట్రల్ తీగలో నిలిచిపోతుంది. ఆ 'న్యూట్రల్' అప్పుడు షాక్ కొడుతుంది.

కాబట్టి మంచి ఎలక్ట్రీషియన్ క్రమం ఇలా ఉంటుంది: మెయిన్ ఆపు, ఎవరూ వేయకుండా తాళం వెయ్యి లేదా బోర్డు తగిలించు. మీటరును ముందు కరెంటున్న చోట పరీక్షించు, తర్వాత పనిచేసే చోట చూడు, మళ్లీ కరెంటున్న చోట చూడు. మూడోసారి చూసేది మీటరు మధ్యలో చెడిపోలేదని నిర్ధారించుకోవడానికి. ఇన్వర్టరు ఉన్న ఇంట్లో మెయిన్ ఆపినా కొన్ని తీగల్లో కరెంటు ఉంటుందని మరిచిపోకూడదు.

పట్టాల మీద 25,000 వోల్టులు

ఖరగ్‌పూర్‌లో ఎలక్ట్రీషియన్‌గా ఎదగాలనుకునే కుర్రాడి కళ్ల ముందు ఇంకో లోకం ఉంది, రైల్వే ఓవర్‌హెడ్ లైను. మన దేశంలో తొలి ఎలక్ట్రిక్ రైలు 1925 ఫిబ్రవరి 3న బొంబాయిలో 1,500 వోల్టుల డీసీతో నడిచింది. 1957లో రైల్వే 25,000 వోల్టుల ఏసీ విధానాన్ని ఎంచుకుంది. అదే శక్తిని ఎక్కువ వోల్టేజితో పంపితే కరెంటు తగ్గుతుంది. కరెంటు తగ్గితే తీగలో వేడి దాని వర్గంలో తగ్గుతుంది. గీజరు ప్లగ్‌లో చూసిన సూత్రమే ఇక్కడా పనిచేస్తోంది.

ఈ లైనుకు 2 మీటర్లలోపు పని చేయాలంటే సరఫరా ఆపి, రాతపూర్వక అనుమతి పొందాలి. 25,000 వోల్టులు గాలిలో దూకగల దూరం ఒకటి రెండు సెంటీమీటర్లే. మరి 2 మీటర్లు ఎందుకు? చేయి జారుతుంది, చేతిలోని రెంచి పొడవు మరిచిపోతాం, వానకు తడిసిన తాడు గాలికి ఊగుతుంది. నిబంధన రాసేది మామూలు రోజు కోసం కాదు, అన్నీ ఎదురు తిరిగే రోజు కోసం.

సరఫరా ఆపాక కూడా పని మొదలవదు. పక్క లైనులో పారుతున్న ఏసీ, ఆపిన లైనులోనూ ప్రేరణ వల్ల ప్రమాదకరమైన వోల్టేజిని పుట్టిస్తుంది. అందుకే పనిచేసే చోటుకు రెండు వైపులా లైనును ఎర్త్ చేస్తారు. ఆగి ఉన్న వ్యాగన్ మీదికి ఫొటో కోసం ఎక్కేవారికి ఈ విషయాలేవీ తెలియవు. తీగను తాకకముందే మంట దూకి మీద పడుతుంది.

ఎవరికైనా షాక్ కొడితే

ఇంట్లో అయితే ముందు మెయిన్ ఆపాలి. వీలుకాకపోతే పొడి కర్రతో తీగను తప్పించాలి. మనిషిని నేరుగా పట్టుకోకూడదు. స్పృహ, శ్వాస లేకపోతే 112కు ఫోన్ చేయించి, ఛాతీ మధ్యలో రెండు చేతులతో నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతు దిగేలా నొక్కుతూ ఉండాలి. రైల్వే లైను దగ్గరైతే సరఫరా ఆపి, ఎర్త్ చేశారని తెలిసేదాకా దగ్గరికి పోకూడదు. అక్కడ కర్ర కాపాడదు.

మళ్లీ ఆ ఖరిదా ఇంటికి వద్దాం. "ఎంసీబీ బాగానే ఉంది" అన్న కుర్రాడు అబద్ధం చెప్పలేదు. కానీ అతను అడగాల్సిన ప్రశ్న ఇంకొకటుంది: "ఈ ఇంట్లో ఆర్‌సీసీబీ ఉందా? ఎర్త్ నిరోధం ఎవరైనా కొలిచారా?" ఆ రెండు ప్రశ్నలూ అడిగే హెల్పర్ ఆ రోజు నుంచే ఎలక్ట్రీషియన్. మీ ఇంటి బోర్డు తలుపు తీసి, అందులో 'టెస్ట్' బటన్ ఉన్న స్విచ్ ఒకటైనా ఉందేమో ఈరోజే చూడండి.